డ్యాష్‌బోర్డు చదవడం: ఉప్పుగాలి ఊళ్లో కారు నడిపేవారికి

ఉక్కు కర్మాగారంలో నా ఉద్యోగమంతా కంట్రోల్ రూమ్‌లోనే గడిచింది. గోడ నిండా దీపాలు. ఎక్కడో ఒక పంపు ఆగితే ఇక్కడ ఒక దీపం మిణుకుమంటుంది, గంట మోగుతుంది. ఆ గంటను ఆపడానికి ఒక బొత్తాం ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు అందరికంటే ముందు నేర్చుకునేది ఆ బొత్తామే. గంట ఆగింది కాబట్టి గొడవా ఆగిందనుకుని టీ తాగడానికి వెళ్లేవారు. పదవీ విరమణ చేశాక చూస్తే, కార్లు నడిపేవాళ్లలో సగం మంది ఆ కుర్రవాళ్లలాగే కనిపిస్తున్నారు.

మా మేనకోడలు కిందటేడాది ఒక సెకండ్ హ్యాండ్ కారు కొంది. వారం తిరక్కుండానే ఫోను చేసింది. "మావయ్యా, మీటర్లో ఇంజన్ బొమ్మ పసుపుగా వెలుగుతోంది. కారు బాగానే నడుస్తోంది కదా, వదిలేయనా?" వదిలేయవద్దన్నాను. ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు విశాఖ లాసన్స్ బే కాలనీలో వాళ్ల ఇంటి ముందు, ఆగి ఉన్న కారులో కూర్చుని చెప్పిన పాఠాలే ఇవి.

మొదటి మెట్టు: సీటు సరిచేసుకోవడం

దీపాల గురించి చెబుతానని సీటుతో మొదలుపెట్టాడేమిటి అనుకోకండి. సీటు, స్టీరింగు సరిగా లేకపోతే మీటర్లలో సగం స్టీరింగు చక్రం వెనక దాక్కుంటాయి. మా అమ్మాయికి, అంటే ఆ మేనకోడలికే, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి చూపే ముల్లు ఒకటి ఉందనే తెలియదు. అది స్టీరింగు అంచు చాటున ఉండిపోయింది.

నడుము సీటు వెనక్కి పూర్తిగా ఆనేలా కూర్చోండి. క్లచ్‌ను చివరి దాకా తొక్కినా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. ఛాతీకీ స్టీరింగు మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు మీద రెండు మూడు వేళ్లు, దూరం ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ కన్నుమూసి తెరిచేలోగా ఉబ్బుతుంది. అంతకంటే దగ్గరగా కూర్చుంటే అదే దెబ్బ కొడుతుంది. తల వెనక దిండు పైఅంచు దాదాపు నడినెత్తి ఎత్తుకు రావాలి. అది మెడ కింద పెట్టుకుని కునుకు తీయడానికి ఇచ్చింది కాదు, వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడ విరగకుండా కాపాడటానికి ఇచ్చింది.

ఇప్పుడు స్టీరింగు కింద ఎడమ పక్కన చెయ్యి పెట్టి చూడండి. చాలా కార్లలో అక్కడ ఒక మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగితే స్టీరింగు పైకీ కిందికీ కదులుతుంది. మీటర్లన్నీ చక్రం మధ్యలోంచి పూర్తిగా కనిపించేలా పెట్టి, మీటను మళ్లీ బిగించండి. ఈ పని ఆగి ఉన్న కారులోనే చేయాలి. అద్దాలు సర్దుకోవడం దీని తర్వాతే, ఎందుకంటే సీటు మారితే అద్దాల్లో కనిపించేదీ మారుతుంది.

గ్లవ్ బాక్సులో ఉండే, కారుతో పాటు కంపెనీ ఇచ్చే పుస్తకాన్ని కూడా ఇప్పుడే బయటికి తీయండి. సెకండ్ హ్యాండ్ కారులో అది సాధారణంగా ఉండదు. చాలా కంపెనీలు తమ వెబ్‌సైటులో ఉంచుతున్నాయి. మోడల్, తయారైన సంవత్సరం సరిచూసుకుని ఫోనులోకి దింపుకోండి. దీపాల గుర్తులు చాలావరకు ఐఎస్‌వో 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఉంటాయి కాబట్టి ఒక కారులో నేర్చుకున్నది ఇంకో కారులోనూ పనికొస్తుంది. అయినా కంపెనీకొక చిన్న తేడా ఉంటుంది, అది ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

రెండో మెట్టు: తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా ఆగడం

తాళాన్ని ఇంజన్ స్టార్ట్ అయ్యే స్థానానికి ఒక మెట్టు ముందు ఆపండి. బొత్తాంతో స్టార్ట్ అయ్యే కారైతే బ్రేకు, క్లచ్ తొక్కకుండా బొత్తాన్ని నొక్కండి. చాలా వాటిలో రెండుసార్లు నొక్కాలి. డ్యాష్‌బోర్డు దీపావళిలా వెలుగుతుంది. కంగారు పడకండి. దీపాలు, వాటి వెనకున్న వ్యవస్థలు పనిచేస్తున్నాయో లేదో కారు తనను తాను పరీక్షించుకుంటోంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) దీపాలు కొన్ని సెకన్లలో ఆరిపోతాయి. ఆయిల్ డబ్బా, బ్యాటరీ, ఇంజన్ బొమ్మ మాత్రం ఇంజన్ స్టార్ట్ అయ్యేదాకా వెలిగే ఉండి, స్టార్ట్ కాగానే ఆరతాయి.

కంట్రోల్ రూమ్‌లో ప్రతి షిఫ్టు మొదట్లో మేము చేసిన పరీక్ష ఇదే. ఒక బొత్తాం నొక్కితే గోడ మీది దీపాలన్నీ వెలగాలి. మేము వెలిగినవాటిని చూసేవాళ్లం కాదు, వెలగనిదాని కోసం వెతికేవాళ్లం. మాడిపోయిన దీపం ఎప్పటికీ ప్రమాదం చెప్పదు.

మా అమ్మాయి కారులో ఈ పరీక్ష చేసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగనే లేదు. నాలుగుసార్లు చేసి చూశాం. తెలిసిన మెకానిక్ దగ్గర మీటరు విప్పిస్తే, ఆ దీపం మీద నల్ల టేపు అంటించి ఉంది. అంతకుముందెప్పుడో ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే కొత్తది వేయించకుండా పై కవరు మార్చి అమ్మేశారు. గొడవ పడితే డబ్బు కొంత వెనక్కి వచ్చింది. ఎవరు అమ్మారన్నది ఇక్కడ అనవసరం. పాత కారు కొనేవాళ్లు రంగు, టైర్లు చూసే ముందు ఈ పది సెకన్ల పరీక్ష చేయండి. కొన్నాక ఒకసారి ఈ పరీక్షను ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఏదైనా అనుమానం వస్తే పోల్చి చూసుకోవచ్చు.

మూడో మెట్టు: బొమ్మ కన్నా ముందు రంగు

ఎరుపు అంటే ఇప్పుడే. పసుపు అంటే ఈ వారంలోనే. ఆకుపచ్చ, నీలం అంటే ఏదో ఒకటి పనిచేస్తోందన్న సమాచారం మాత్రమే. దీనికి ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది: ఇంజన్ బొమ్మ పసుపు రంగులోనే ఉండి మిణుకుమిణుకుమంటుంటే దాన్ని ఎరుపుగానే లెక్కించాలి. కారణం అయిదో మెట్టులో చెబుతాను.

నాలుగో మెట్టు: ఎర్ర దీపాలు

వీటిలో అన్నిటికన్నా భయపడాల్సింది చిన్న నూనె డబ్బా బొమ్మ, ముక్కు చివర ఒక చుక్క. చాలామంది దీన్ని "ఆయిల్ తగ్గింది, వచ్చే సర్వీసులో పోయించుకుందాం" అని చదువుతారు. అది చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. ఒత్తిడి లేకపోతే ఇంజన్ లోపలి ఇనుప భాగాల మధ్య నూనె పొర ఉండదు. ఇనుము ఇనుమును రాసుకుంటుంది. కొద్ది నిమిషాల్లో ఇంజన్ పనికిరాకుండా పోవచ్చు. కాబట్టి "మద్దిలపాలెం దాకా వెళ్లి మెకానిక్‌కు చూపిద్దాం" అనే మాటే వద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. కారు చదునుగా ఉన్నచోట పది నిమిషాలు ఆగి, బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీని తీసి తుడిచి, మళ్లీ దించి తీయండి. నూనె రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే పుస్తకంలో చెప్పిన రకం ఆయిల్ పోయండి. సరిపడా ఉన్నా దీపం వెలుగుతుంటే స్టార్ట్ చేయవద్దు, కారును మోసుకెళ్లే బండి పిలిపించండి. ఆ ఖర్చు కొత్త ఇంజన్ ముందు లెక్కలోకి రాదు.

రెండోది థర్మామీటరు బొమ్మ, కింద నీటి అలలు. ఇంజన్ వేడెక్కిపోయిందని అర్థం. చాలా చిన్న కార్లలో ఇప్పుడు వేడి చూపే ముల్లు ఉండదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇదే బొమ్మ నీలంగా వెలిగి కాసేపటికి ఆరిపోతుంది, మితిమీరి వేడెక్కితే ఎర్రగా వెలుగుతుంది. ముల్లు ఉన్న కార్లలో అది మధ్యకు చేరి అక్కడే ఉండాలి. మధ్య దాటి పైకి పాకుతుంటే ఎర్ర దీపం కోసం ఎదురుచూడకండి. ఏసీ ఆపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, ఫ్యానును గట్టిగా పెట్టండి. మే నెలలో విశాఖలో హీటరు వేయమన్న సలహాకు మా అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఇంజన్‌లోని వేడిని లోపలికి లాగడానికి మన చేతిలో ఉన్న ఉపాయం అదొక్కటే. అప్పటికీ తగ్గకపోయినా, ఎర్ర దీపం వెలిగినా పక్కకు ఆపి ఇంజన్ కట్టేయండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తిప్పవద్దు. లోపలి నీరు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖం మీద పడుతుంది. అరగంటకు పైగా ఆగి, గొట్టాన్ని చేత్తో తాకగలిగినప్పుడే మూత జోలికి వెళ్లండి.

మూడోది బ్యాటరీ బొమ్మ. నిజానికి ఇది బ్యాటరీ మీద కన్నా దాన్ని నింపే ఆల్టర్నేటర్ మీద ఫిర్యాదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజన్ తిరుగుతుంటే 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. రాకపోతే ఈ దీపం వెలుగుతుంది. అప్పటి నుంచి కారు బ్యాటరీలో మిగిలిన కరెంటు మీదే నడుస్తోందన్నమాట. ఏసీ, పాటలు, ఫోను ఛార్జరు ఆపేసి, ఇంజన్ ఆపకుండా దగ్గరలోని మెకానిక్ దగ్గరకు వెళ్లండి, ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. కానీ స్టీరింగు బరువెక్కినా, వేడి ముల్లు లేచినా అక్కడే ఆగాలి. ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు తెగి ఉండవచ్చు, కొన్ని కార్లలో అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది.

బ్యాటరీ గురించి నేను నేర్చుకున్న పాఠం కాస్త చేదుది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు. కాలనీలో అందరి ఫోన్లూ నా కారులో ఛార్జి చేసి పెట్టాను. పుణ్యం చేస్తున్నానన్న సంతోషంలో ఇంజన్ ఆపి ఉందన్న సంగతి మర్చిపోయాను. మూడో రోజు పాల కోసం వెళ్దామని తాళం తిప్పితే "టిక్" అన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరి ఫోన్లలో ఛార్జింగ్ ఉంది, నా కారులో లేదు.

ఉప్పుగాలి బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకునేలా చేస్తుంది. బీచ్ రోడ్డు దగ్గర ఉండేవాళ్లు నెలకోసారి బానెట్ ఎత్తి చూడండి. ఇంజన్ ఆపి, నెగటివ్ తీగ ముందు విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీటితో పాత టూత్‌బ్రష్‌తో తోమి, పొడిగా తుడిచి, కాస్త పెట్రోలియం జెల్లీ పూయండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. చేతికి ఉంగరం ఉంటే ముందే తీసేయడం మంచిది.

నాలుగోది వలయంలో ఆశ్చర్యార్థకం. ముందు హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగిందో లేదో చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే. దిగినా వెలుగుతుంటే బ్రేకు నూనె తగ్గింది. ప్యాడ్లు అరిగితే అది నెమ్మదిగా తగ్గుతుంది, ఎక్కడైనా కారుతుంటే త్వరగా తగ్గుతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే కారు కదపవద్దు. ఈ ఎర్ర దీపంతో పాటు పసుపు ఏబీఎస్ దీపం కూడా వెలిగితే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు బిగుసుకుపోయి కారు అడ్డం తిరగవచ్చు. ఆ స్థితిలో సింహాచలం ఘాట్ కాదు కదా, సందు చివరి దాకా కూడా వెళ్లవద్దు.

ఎయిర్‌బ్యాగ్ దీపం, అంటే కూర్చున్న మనిషి ఎదుట బెలూను, ఆరకుండా ఉంటే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకపోవచ్చు. కారు నడుస్తుంది గాని ఆలస్యం వద్దు. సీటు కింద తీగల కనెక్టరు వదులైనా ఇది వెలుగుతుంది. సీటు కిందికి గొడుగులు, నీళ్ల సీసాలు తోసే అలవాటు ఉన్న ఇళ్లలో ఇది మామూలే. చేయి పెట్టి ఆ తీగలను మీరే కెలకవద్దు, చూపించండి.

సీటు బెల్టు దీపం గురించి ఒక్క మాట. బెల్టు పెట్టుకోకుండా చప్పుడు ఆపడానికి బక్కిల్‌లో దూర్చే ఉత్తుత్తి బిళ్లలు అమ్ముతారు. అది మా కంట్రోల్ రూమ్‌లో గంట ఆపే బొత్తాం లాంటిదే, ఇంకా అధ్వాన్నం కూడా. బెల్టు మనిషిని పట్టి ఉంచుతుందన్న లెక్క మీదే ఎయిర్‌బ్యాగ్‌ను తయారుచేశారు. 2019 చట్ట సవరణ తర్వాత బెల్టు లేకపోతే జరిమానా 1,000 రూపాయలు. అది ఇక్కడ చిన్న విషయం.

అయిదో మెట్టు: పసుపు దీపాలు

ఇంజన్ బొమ్మ. పొగ విషయంలోనో, ఇంధనం మండటంలోనో, ఏదో ఒక సెన్సర్‌లోనో తేడా ఉందని అర్థం. నిలకడగా వెలుగుతూ కారు మామూలుగా నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో చూపించండి. మిణుకుమంటూ, ఇంజన్ కుదుపుతుంటే సిలిండరులో ఇంధనం మండకుండానే బయటికి పోతోంది. అది పొగ గొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండి, దాన్ని కాల్చేస్తుంది. చాలా ఖరీదైన భాగం. అందుకే ఎరుపుతో సమానం అన్నాను. యాక్సిలరేటర్ వదిలి, నెమ్మదిగా పక్కకు ఆపండి.

స్టీరింగు కింద ఒక సాకెట్ ఉంటుంది, ఓబీడీ పోర్టు అంటారు. అందులో చిన్న పరికరం పెడితే దీపం ఎందుకు వెలిగిందో ఒక కోడ్ రూపంలో చెబుతుంది. పీ0300 అంటే సిలిండర్లలో మంట తప్పుతోందని, పీ0420 అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. మెకానిక్ ఆ పరికరం పెట్టి "తీసేశాను, ఇక రాదు" అంటాడు. తీసేసే ముందు ఆ కోడ్‌ను కాగితం మీద రాయించుకోండి. ఇది అడగడానికి మొహమాట పడవద్దు. చెరిపేసిన కోడ్ నాలుగు రోజులకు మళ్లీ వస్తే, అదే కోడ్ వచ్చిందో వేరేది వచ్చిందో తెలియాలి కదా.

మా అమ్మాయి కారులో వచ్చింది పీ0135, ఆక్సిజన్ సెన్సర్‌ను వేడి చేసే తీగలో తేడా. మొదట చూపించిన చోట సెన్సర్ మొత్తం మార్చాలన్నారు. నేను కనెక్టరు విప్పి చూపించమన్నాను. లోపలి పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఏడాదంతా కారును సముద్రానికి ఎదురుగా నిలిపితే జరిగేది అదే. శుభ్రం చేసి బిగిస్తే దీపం ఆరిపోయింది, మళ్లీ రాలేదు. ప్రతిసారీ ఇంత తేలిగ్గా తేలుతుందని చెప్పను. కానీ తీరం ఊళ్లో "సెన్సర్ పోయింది" అన్నప్పుడు ముందు కనెక్టరు విప్పి చూడమనడం న్యాయమైన కోరిక.

ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే బ్రేకులు మామూలుగా పనిచేస్తాయి, కాకపోతే గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ పనిచేయదు. తడి రోడ్డు మీద ముందు బండికి దూరం పెంచండి. జారుతున్న కారు బొమ్మ నడుస్తున్నప్పుడు మిణుకుమంటే అది తప్పు కాదు, చక్రం జారబోతే కారు పట్టుకుంటోందన్నమాట. నిలకడగా ఉంటేనే చూపించాలి. దాని కింద "ఆఫ్" అని ఉంటే ఎవరో బొత్తాం నొక్కి ఆపేశారు.

గుర్రపు నాడా లాంటి గీతలో ఆశ్చర్యార్థకం ఉంటే ఏదో టైరులో గాలి తగ్గింది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది నింపవద్దు. గాలి చల్లటి టైరులోనే కొలవాలి. డిసెంబరులో మధ్యాహ్నం గాజువాకలో గాలి నింపించుకుని మర్నాటి తెల్లవారుజామున అరకులో కారు తీస్తే ఈ దీపం పలకరించవచ్చు. పది పన్నెండు డిగ్రీలు చల్లబడితే రెండు పీఎస్ఐ దాకా తగ్గుతుంది. పంక్చరేమో అని ఒకసారి చూసుకుని, గాలి సరిచేయించుకోండి.

డీజిల్ కారు ఉన్నవాళ్లకు రెండు బొమ్మలు ఎక్కువ. చుట్టిన స్ప్రింగు లాంటిది వెలిగి ఆరాకే స్టార్ట్ చేయాలి. రెండోది చుక్కలున్న డబ్బా, అంటే పొగలోని మసిని పట్టే వడపోత నిండుతోంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 అనే పొగ ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్లలో ఇది మామూలైంది. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు నుంచి జగదాంబ దాకా రోజూ రెండో గేరులో తిరిగే కారులో మసి కాలడానికి సరిపడా వేడి పుట్టదు. ఆనందపురం వైపు హైవే ఎక్కి, 60 కిలోమీటర్లకు తగ్గకుండా ఒక ఇరవై నిమిషాలు ఒకే తీరున నడిపితే చాలాసార్లు అదే కాలిపోయి దీపం ఆరుతుంది. మధ్యలో ఇంజన్ ఆపవద్దు. పట్టించుకోకపోతే వర్క్‌షాపులో చేయించాల్సి వస్తుంది, చివరికి భాగమే మార్చాల్సి వస్తుంది. నా అభిప్రాయం అడిగితే, ఊళ్లోనే తిరిగేవాళ్లు డీజిల్ కారు కొనడమే పొరపాటు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. పెట్రోలు పంపు బొమ్మ పక్కన చిన్న త్రికోణం ఉంటుంది. ట్యాంకు మూత ఏ పక్కన ఉందో అది చూపిస్తుంది. స్పానర్ బొమ్మ చాలా కార్లలో సర్వీసు సమయం వచ్చిందని చెబుతుంది. తాళంతో ఉన్న కారు బొమ్మ మిణుకుమంటే కారు మీ తాళాన్ని గుర్తించలేదు. స్టీరింగు పక్కన ఆశ్చర్యార్థకం ఉంటే స్టీరింగు బరువెక్కవచ్చు, రెండు చేతులతో పట్టుకోండి. ఇండికేటరు మామూలు కన్నా వేగంగా టిక్కుటిక్కుమంటే ఆ వైపు ఒక బల్బు మాడింది. నీలం దీపం అంటే హైబీమ్ వెలుగుతోంది; మన ఊళ్లో రాత్రిపూట ఈ నీలం దీపాన్ని గమనించేవాళ్లు ఎదురువచ్చేవాళ్లే తప్ప కారులో కూర్చున్నవాళ్లు కాదు.

2019 జులై తర్వాత తయారైన కార్లు గంటకు 80 కిలోమీటర్లు దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా చప్పుడు చేస్తాయి. చెడిపోయిందనుకుని ఒకాయన మెకానిక్ దగ్గరకు వెళ్లడం నేను చూశాను.

ఆరో మెట్టు: చేతికందే మీటలు, బొత్తాలు

వైపర్ మీటకు పైకి లేదా కిందికి ఒకసారి కదిపి వదిలే స్థానం ఉంటుంది. అలా చేస్తే ఒకేసారి తుడుస్తుంది. సముద్రపు తుంపర పడ్డ అద్దం మీద పొడి వైపర్ వేస్తే ఉప్పు గీతలు పడతాయి. మీటను మీ వైపు లాగి ముందు నీళ్లు చిమ్మించండి. ఆ నీళ్ల డబ్బాలో నీరు ఉందో లేదో ఆఖరిసారి ఎప్పుడు చూశారో గుర్తుచేసుకోండి.

స్టీరింగుకు కుడి పక్కన కింద 0 నుంచి 3 లేదా 4 దాకా అంకెలున్న చిన్న చక్రం కొన్ని కార్లలో ఉంటుంది. వెనక సీట్లో నలుగురు, డిక్కీలో సామాను ఉంటే కారు ముక్కు పైకి లేచి లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచితే కాంతి కిందికి దిగుతుంది.

ఎర్ర త్రికోణం బొత్తాం గురించి నాకు కాస్త కోపం ఉంది. అది ఆగి ఉన్న కారు కోసం. వానలో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపితే మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. కూడలిలో నేరుగా వెళ్లడానికి దాన్ని వేసేవాళ్లు ఇంకో రకం. నేరుగా వెళ్లడానికి ఏ దీపమూ అక్కర్లేదు. కారు హైవే మీద చెడిపోయినప్పుడు మాత్రం ఇది వెంటనే వేసి, మనుషులను రోడ్డు అంచు దాటించి, 1033కు ఫోను చేయండి. అది జాతీయ రహదారుల సహాయ సంఖ్య.

ఏడో మెట్టు: ఏసీ, ఈ ఊరి చెమట

విశాఖలో ఎండ కన్నా గాలిలోని తేమ మనిషిని ఎక్కువ బాధిస్తుంది. ఏసీ చేసే పని చల్లబరచడం ఒక్కటే కాదు, గాలిలోంచి నీటిని పిండడం కూడా. ఆగి ఉన్న కారు కింద కారే నీళ్లు అవే. ఆ నీళ్లు బయటికి రాకుండా ముందు సీటు వాళ్ల కాళ్ల దగ్గర చాప తడుస్తుంటే నీటి గొట్టం మూసుకుపోయింది. శుభ్రం చేయించండి, చిన్న పని.

ఎండలో నిలిపిన కారులో ఎక్కగానే ఏసీ వేసి కిటికీలు మూయవద్దు. లోపలి గాలి బయటి గాలి కన్నా వేడిగా ఉంటుంది. రెండు నిమిషాలు అద్దాలు దించి ఆ వేడి గాలిని పోనిచ్చి, అప్పుడు అద్దాలు ఎత్తి, కారు లోపల గుండ్రంగా తిరిగే బాణం ఉన్న బొత్తాం నొక్కండి. అప్పుడు లోపలి గాలే మళ్లీ మళ్లీ చల్లబడుతుంది. దూర ప్రయాణంలో మాత్రం మధ్యమధ్య బయటి గాలి తీసుకోవాలి, లేకపోతే లోపల అందరికీ మత్తు కమ్ముతుంది. నౌకాశ్రయం వైపు లారీల దుమ్ములో వెళ్తున్నప్పుడు దాన్ని మళ్లీ మూయండి.

ఏసీ నుంచి పాత తడిబట్ట వాసన వస్తుందని చాలామంది అత్తరు సీసా తగిలిస్తారు. లోపలి చల్లటి భాగం తడిగా ఉండి బూజు పట్టడం ఆ వాసనకు కారణం. ఇల్లు చేరడానికి రెండు మూడు నిమిషాల ముందు ఏసీ బొత్తాం ఆపి, ఫ్యాను మాత్రం తిరగనివ్వండి. తడి ఆరుతుంది. గ్లవ్ బాక్సు వెనక ఉండే గాలి వడపోతను ఏడాదికోసారి మార్చండి. మాది దుమ్మూ తేమా రెండూ ఉన్న ఊరు కాబట్టి నేను ఇంకా ముందే మారుస్తాను.

ఇక అద్దం మీద పొగమంచు. ఇందులో అందరూ తికమకపడతారు. వేలితో ముట్టుకుని చూస్తే విషయం తేలిపోతుంది. పొగ లోపలి వైపు ఉంటే, విసనకర్ర ఆకారపు అద్దం బొమ్మ ఉన్న బొత్తాం నొక్కి, ఏసీ వేసి, బయటి గాలి తీసుకోండి. ఒక నిమిషంలో తేరుకుంటుంది. పొగ బయటి వైపు ఉంటే దీనికి పూర్తిగా ఉల్టా. ఏసీ మరీ చల్లగా ఉండి అద్దాన్ని చల్లబరిస్తే, బయటి తేమ దాని మీద చేరుతోంది. సెప్టెంబరు రాత్రుల్లో బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్తుంటే జరిగేది ఇదే. ఒకసారి వైపర్ వేసి, గాలిని అద్దం మీది నుంచి ముఖం వైపు మళ్లించి, ఏసీని 24, 25 డిగ్రీలకు పెంచండి. నలుచదరం బొమ్మలో మూడు వంకర గీతలున్న బొత్తాం వెనక అద్దానిది. ఆ అద్దంలోని సన్నటి తీగలు వేడెక్కుతాయి కాబట్టి అక్కడ స్టిక్కర్లు అంటించి గీకవద్దు.

మూసిన గ్యారేజీలో ఏసీ కోసం ఇంజన్ నడుపుతూ కూర్చోవద్దు, నిద్రపోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఎనిమిదో మెట్టు: నేర్చుకున్నదాన్ని అరకు దారిలో చూడటం

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు డ్యాష్‌బోర్డులోని సగం వస్తువులు ఒకేసారి పనిలోకి వస్తాయి. ఎక్కేటప్పుడు అయిదు నిమిషాలకోసారి వేడి ముల్లు చూడండి. మలుపులో ఆగి మళ్లీ కదలాల్సి వస్తే, హిల్ హోల్డ్ ఉన్న కారు బ్రేకు వదిలాక ఒకటి రెండు సెకన్లు మాత్రమే పట్టి ఉంచుతుంది; ఆ లోపే యాక్సిలరేటర్ అందుకోవాలి. లేని కారులో హ్యాండ్‌బ్రేకే దిక్కు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. ఆటోమేటిక్ అయితే లివరును తక్కువ గేరు స్థానానికి, లేదా చేత్తో గేర్లు మార్చే స్థానానికి తీసుకోండి. బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కాలుతున్న వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి, ఎందుకంటే ఆ వేడిని చెప్పే దీపం మన కార్లలో లేదు.

వానాకాలంలో తిరిగి వచ్చేటప్పుడు రైల్వే వంతెనల కింద నీళ్లు నిలిచి ఉంటాయి. లోతు తెలియకపోతే దిగవద్దు. దిగాక ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించవద్దు. నీళ్లు సిలిండర్లలోకి వెళ్లి ఉంటే, పిస్టన్ నీటిని నొక్కలేక లోపలి కడ్డీలు వంగిపోతాయి. తోయించి బయటికి తెప్పించండి.

క్రూజ్ కంట్రోల్, అంటే కారు వేగాన్ని దానంతట అదే నిలిపి ఉంచే ఏర్పాటు, ఉంటే పొడిగా, ఖాళీగా ఉన్న హైవే మీదే వాడండి. వానలో, ఘాట్‌లో అది పనికిరాదు. ఫోను కారుకు జోడించడం, దారి పెట్టుకోవడం, పాటలు ఎంచుకోవడం కదలకముందే చేయాలి. టచ్ స్క్రీన్ మీద వేలు వెతుకుతుంటే కళ్లు రోడ్డు మీద ఉండవు.

చివరగా, మా అమ్మాయి కిందటి నెల రుషికొండ పార్కింగ్ నుంచి ఫోను చేసింది. బొత్తాం ఎంత నొక్కినా కారు స్టార్ట్ కావడం లేదు, తాళం బొమ్మ మిణుకుతోంది. రిమోట్‌లో బ్యాటరీ అయిపోయింది. రిమోట్‌ను స్టార్ట్ బొత్తానికి ఆనించి, బ్రేకు తొక్కి నొక్కమన్నాను. చాలా కార్లలో అలా పనిచేస్తుంది, కొన్నింట్లో రిమోట్ పెట్టడానికి వేరే చోటు ఉంటుంది. స్టార్ట్ అయింది. దారిలో ఒక దుకాణంలో సీఆర్ 2032 బిళ్ల కొనుక్కుంది. ఆమె రిమోట్‌లో అదే పడుతుంది, మీదానిలో ఏది పడుతుందో వెనక మూత తీస్తే రాసి ఉంటుంది. ఒకటి అదనంగా కొని గ్లవ్ బాక్సులో, ఆ పుస్తకం పక్కనే పెట్టిందట.